తేదీకి సాక్షి వారం

ఉత్తరం వ్రాయటానికి కూర్చున్నవారు మొట్టమొదట కాగితం పైభాగాన ఊరిపేరు, దాని క్రింద తేదీ వేస్తారు. బడిలో పంతులుగారు నేర్పిన అలవాటు అది. ఆ తేదీని గూర్చి మనం మరల ఆలోచించము. వ్రాసినవారికి తెలుసు, చదివేవారికీ తెలుసు; ఇక సందేహానికి తావెక్కడిది? అయితే ఆ ఉత్తరం అరవై ఏండ్ల తరువాత మరొకరి చేతిలో పడినప్పుడు, ఆ మూడు అంకెలే పెద్ద చిక్కుప్రశ్న కావచ్చును. అటువంటి చిక్కు ఒకటి మా ధ్వనిభాండారంలోనే ఎదురైనది. దానిని ముందు మనవి చేసి, తరువాత చరిత్రలోకి వెళ్తాను.

కొంతకాలం క్రిందట ఒక వృద్ధురాలి కుమారుడు మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె తండ్రి హరిదాసు. ఆయన జీవితంలో ఒకే ఒకసారి రేడియోలో కథ చెప్పినారట. ఆ సంగతి ఆయన దినచర్య పుస్తకంలో ఉన్నది: 1962 జూన్ 5, మంగళవారం. ఆయన గొంతు మరెక్కడా నిలిచి లేదు. పోయేలోగా ఒక్కమారు వినాలని ఆమె కోరిక. మేము పట్టికను వెదికినాము. పాత టేపుల వివరాలన్నీ అప్పటికే కంప్యూటరులోకి ఎక్కించి ఉన్నవి. 1962 జూన్ 5 అని అడిగితే ఆ రోజున ఏ ధ్వనిముద్రణా లేదని సమాధానం వచ్చినది. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. ఒకసారి ప్రసారమైన దానిని చెరిపివేసి మరల వాడుకొనటం పరిపాటి. ఇదీ అలాగే చెరిగిపోయి ఉంటుందని అనుకొని, విచారిస్తున్నామని జాబు వ్రాశాము. ఆ జాబు క్రింద సంతకం నాదే.

ఆ టేపు చెరిగిపోలేదు. అది ఎక్కడ ఉన్నదీ, ఎందుకు కనబడలేదో చెప్పటానికి ముందు, వ్రాతలో ఉన్న తేదీని కాలంలో ఒక దినంగా గుర్తించటం అనే విద్య ఎంత పాతదో కొంచెం చూద్దాం.

మన తెలుగుదేశంలో ఈ విద్యకు తగిన పరీక్ష పెట్టినవి తామ్రశాసనాలు. గోదావరీతీరపు కోరుమిల్లిలో దొరికిన రాజరాజనరేంద్రుని శాసనాన్నే తీసుకొందాం. నన్నయభట్టు చేత మహాభారతాన్ని తెనిగింపజేసిన రాజు ఆయనే. ఆయన పట్టాభిషేకం ఎప్పుడు జరిగినదో ఆ శాసనం ఒక సంస్కృత శ్లోకంలో చెప్పుతున్నది. అందులో సంవత్సరాన్ని అంకెలతో వేయలేదు, మాటలతో చెప్పినారు. వేదాలు, సముద్రాలు, నిధులు — ఈ మూడు మాటలే ఆ సంవత్సరసంఖ్య.

పూర్వం లెక్కలను పద్యంలో ఇమడ్చటానికి మనవారు కనిపెట్టిన ఉపాయం ఇది. చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, అగ్నులంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు. ఈ లెక్కను భూతసంఖ్య అంటారు. కోరుమిల్లి శాసనంలో వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. వ్రాసిన వరుసలో చదివితే 449 అవుతుంది. కాని భూతసంఖ్యలో అంకెల నడక కుడినుంచి ఎడమకు. మొదట చెప్పినది ఒకట్ల స్థానం. కావున అది శకవర్షం 944. ఆ నియమం శాసనంలో ఎక్కడా వ్రాసి లేదు. తెలిసినవాడికి 944, తెలియనివాడికి 449. నడుమ అయిదు శతాబ్దాల అంతరం!

ఇంకొక చిక్కు ఉన్నది. సముద్రాలు నాలుగనే లెక్క ఒకటి, ఏడనే లెక్క మరొకటి. ఏడుగా తీసుకొంటే శకవర్షం 974, అనగా క్రీస్తుశకం 1052 అవుతుంది. కాని రాజరాజు 41 సంవత్సరాలు ఏలినాడని తరువాతి చాళుక్య శాసనాలు చెప్పుతున్నవి. ఆయన కుమారుడు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనాన్ని అధిష్ఠించినాడు. 1052లో పట్టాభిషేకం జరిగితే ఆ 41 ఏండ్లకు చోటు లేదు. కావున ఇక్కడ సముద్రాలు నాలుగే.

శకవర్షం 944 తేలినది. అయినా పని ముగియలేదు. శకవర్షాన్ని క్రీస్తుశకంలోకి మార్చటానికి సాధారణంగా 78 కలుపుతాము. కాని అది గడిచిపోయిన సంవత్సరాల లెక్క అయితేనే. కొందరు గడిచినవాటిని లెక్కపెట్టినారు, కొందరు నడుస్తున్నదానిని లెక్కపెట్టినారు. పసివానికి ఏడు నిండినవని ఒకరు, ఎనిమిదో ఏడు నడుస్తున్నదని మరొకరు చెప్పినట్లే ఇది. గత సంవత్సరమైతే 1022. వర్తమాన సంవత్సరమైతే 1021. ఏది నమ్మాలి?

ఇక్కడ శాసనకర్త మనకు చేసిన మేలు కనబడుతుంది. ఆయన సంవత్సరంతో ఆగలేదు. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడన్నాడు. కృష్ణపక్ష విదియ అన్నాడు. ఉత్తరాభాద్ర నక్షత్రం అన్నాడు. తులాలగ్నం అన్నాడు. అన్నిటికీ మించి, గురువారం అన్నాడు. వెనుకటి సంవత్సరమైన 1021లో ఆ తిథి గురువారం నాడు రాదు. 1022లో వస్తుంది: ఆగస్టు 16వ తేదీ, గురువారం.

దీనిని మన జ్యోతిష్కుల పద్ధతిలోనే సరిచూడవచ్చును. కలియుగారంభం నుంచి గడిచిన దినాల మొత్తాన్ని వారు అహర్గణం అంటారు. కలియుగం మొదటి దినం శుక్రవారం. ఆ దినం నుంచి 1022 ఆగస్టు 16 వరకు గడిచిన దినాలు 15,06,105. ఈ సంఖ్యను ఏడుతో భాగిస్తే శేషం 6. శుక్రవారానికి ఆరు దినాలు కలిపితే గురువారం. నాలుగువేల సంవత్సరాలకు పైబడిన లెక్క, చివరకు ఒక్క శేషంతో శాసనంలోని మాటను నిలబెట్టినది.

ఈ మార్గంలో వేలకొలది శాసనతిథులను పరీక్షించిన పండితులకు మనం ఋణపడి ఉన్నాము. జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో సంస్కృతం బోధించిన ఫ్రాంజ్ కీల్‌హార్న్ ఒక్కొక్క తిథినీ గుణించి, ఏ శకంలో ఏ లెక్క వాడుకలో ఉన్నదో వింగడించినారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్, మహారాష్ట్ర జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు శంకర బాలకృష్ణ దీక్షితులు కలిసి 1896లో భారతీయ పంచాంగాన్ని గూర్చిన పట్టికలను ప్రకటించినారు. ఆ తరువాత మద్రాసులోనే ఎల్.డి. స్వామికన్ను పిళ్ళె, క్రీస్తుశకం 700 నుంచి 1799 వరకు దినదినానికీ తిథినక్షత్రాలు చూపే బృహద్గ్రంథాన్ని సిద్ధపరచినారు. వీరందరూ చివరకు ఆశ్రయించిన సాక్షి ఒక్కటే, వారం. సంవత్సరం, తిథి ఒక దినాన్ని చూపిస్తే, వారం అవునో కాదో చెప్పుతుంది.

వారానికి ఇంతటి సాక్ష్యబలం ఎక్కడినుంచి వచ్చినది? ఎన్ని శకాలు మారినా, ఎన్ని పంచాంగాలను దిద్దినా, ఏడు దినాల వరుస మాత్రం తెగలేదు. మన రేవుపట్టణమైన మచిలీపట్నం కథ ఇందుకు నిదర్శనం. ఇంగ్లీషు కంపెనీ అక్కడ 1611లో వర్తకస్థానం పెట్టినది. ఫ్రెంచివారు 1669లో పెట్టినారు. ఫ్రాన్సు దేశం 1582లోనే పోపు గ్రెగరీ దిద్దిన కొత్త పంచాంగాన్ని అంగీకరించినది. ఇంగ్లండు మాత్రం పాతదానినే పట్టుకొని ఉన్నది. కావున ఒకే రేవులో, ఒకే పోటుకు ఓడ చేరినా, ఫ్రెంచి గుమాస్తా వేసిన తేదీ ఇంగ్లీషు గుమాస్తా వేసిన తేదీకి పది దినాలు ముందుండేది. 1700 తరువాత ఆ అంతరం పదకొండు దినాలైనది. పైగా ఇంగ్లీషువారికి అప్పట్లో కొత్త సంవత్సరం జనవరిలో కాక, మార్చి 25వ తేదీన మొదలయ్యేది. వారు 1731 ఫిబ్రవరి అని వ్రాసినది మన లెక్కలో 1732 ఫిబ్రవరి. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ పుట్టినప్పుడు వేసిన తేదీ 1731 ఫిబ్రవరి 11; నేడు ఆ దేశం స్మరించేది 1732 ఫిబ్రవరి 22. రెండూ ఒకే దినం.

చివరకు 1752లో బ్రిటిషువారు కొత్త పంచాంగానికి మారినారు. ఆ యేడు సెప్టెంబరు 2 తరువాతి దినం సెప్టెంబరు 14. పదకొండు తేదీలు లేకుండా పోయినవి. కాని సెప్టెంబరు 2 బుధవారం, 14 గురువారం. తేదీ గంతు వేసినది గాని వారం గంతు వేయలేదు. అదివరకే రెండు తేదీలు వేసుకొన్న గుమాస్తాలకు సయితం వారం ఒక్కటే.

ఇంత దూరం పోనక్కరలేదు, మన ఇండ్లలోని భూమి దస్తావేజులను చూసినా చాలును. వాటిలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని కరణాలు నోటిలెక్కగా చెప్పేవారు. కాని మద్రాసు రాజధానిలోని ఫసలీ జూలై 1వ తేదీన మొదలయ్యేది. నిజాం రాష్ట్రంలోని ఫసలీ ఆజూరు నెలతో, అనగా అక్టోబరు మొదట్లో, మొదలయ్యేది. 1358 ఫసలీ అని ఇరుపక్కలా ఒకే అంకె వ్రాసినా, కృష్ణకు ఈవల ఆ సంవత్సరం మూడు నెలల ముందే వచ్చినది. ఏ కచ్చేరీలో వ్రాసిన కాగితమో తెలియకపోతే, ఆగస్టులో జరిగిన అమ్మకం ఏ సంవత్సరానిదో తేలదు. వారసత్వపు తగాదాలలో ఒక్క సంవత్సరం తేడా చాలును, పొలం చేతులు మారటానికి.

ఇక మన కాలపు గుమాస్తా అయిన కంప్యూటరు సంగతికి వద్దాం. దానికి అక్షరాలు, అంకెలు ఎన్ని ఇచ్చినా అది చూసేది గుర్తుల వరుసను మాత్రమే. 5-6-62 అనే వ్రాత దానికి మొదట తేదీ కాదు. మూడు సంఖ్యలు, రెండు గీతలు. దానిని తేదీగా చదవాలంటే, ప్రోగ్రాము వ్రాసేవారు ఒక నమూనా ఇవ్వాలి: మొదటిది దినమా, నెలా? రెండవది ఏది? సంవత్సరానికి రెండంకెలా, నాలుగా? నమూనా ప్రకారం విడదీసిన తరువాత యంత్రం ఆ దినాన్ని ఒకే సంఖ్యగా మార్చి దాచుకొంటుంది. యూనిక్స్ అనే వ్యవస్థను, దాని సంప్రదాయాన్ని అనుసరించేవి 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకండ్లు గడిచినవో లెక్కపెట్టుతవి. మనకు అప్పుడు తెల్లవారుజాము అయిదున్నర గంటలు; వారం గురువారం. ఆరంభబిందువు ఒకటి పెట్టుకొని గడిచినదంతా ఒకే మొత్తంగా చెప్పటం మన అహర్గణం పద్ధతే. దినాలకు బదులు సెకండ్లు, కలియుగానికి బదులు 1970. ఆ మొత్తాన్ని తక్కువ చోటులో దాచే పాత యంత్రాలకు 2038 జనవరి 19వ తేదీన, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లు దాటగానే ఆ చోటు నిండిపోతుంది. ఆ చోటును పెంచే పని ఏనాడో మొదలైనది.

లెక్కపెట్టటంలో యంత్రం తప్పు చేయదు. తప్పు వచ్చేది అంతకు ముందున్న మెట్టులో, అనగా వ్రాతను చదవటంలో. అమెరికావారు నెలను ముందు వ్రాస్తారు, మనం దినాన్ని ముందు వ్రాస్తాము. దినం పన్నెండు దాటినప్పుడు చిక్కు లేదు. 25వ నెల లేదు గనుక యంత్రం ఆగిపోతుంది. పన్నెండులోపు అయితే అది ఆగదు, మనవలె సందేహించదు. సంవత్సరానికి రెండంకెలే ఉంటే శతాబ్దాన్ని ఊహించటానికి ఒక నియమం పెట్టినారు. ఎక్కువగా వాడుకలో ఉన్న నియమం ప్రకారం 69 నుంచి 99 వరకు 1900ల లోనివి. 00 నుంచి 68 వరకు 2000ల లోనివి. 62 అంటే 2062 అన్నమాట. ఈ గందరగోళాన్ని తొలగించటానికే అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1988లో ఒక పద్ధతిని నిర్ణయించినది: ముందు నాలుగంకెల సంవత్సరం, తరువాత నెల, చివరకు దినం.

యంత్రానికి ఊహించే స్వాతంత్ర్యం ఎక్కువగా ఇస్తే ఏమవుతుందో జీవశాస్త్రజ్ఞులు అనుభవించినారు. మానవశరీరంలోని కొన్ని జన్యువులకు సెప్ట్1, మార్చ్1 అనే పొట్టిపేర్లు ఉండేవి. పట్టికలు తయారుచేసే ఎక్సెల్ ప్రోగ్రాము వాటిని చూడగానే సెప్టెంబరు 1, మార్చి 1 అని తేదీలుగా మార్చివేసేది. అచ్చయిన శాస్త్రవ్యాసాల పట్టికలలో సయితం ఈ తప్పులు దొర్లినవి. చివరకు 2020లో జన్యువులకు పేర్లు నిర్ణయించే సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చినది. తేదీ కానిది తేదీ అయిపోయినందుకు పేరు మార్చుకొనవలసి వచ్చినది జన్యువే గాని ప్రోగ్రాము కాదు.

ఇప్పుడు మా టేపు సంగతి. హరిదాసుగారి కుమార్తెకు జాబు వ్రాసిన కొన్ని నెలలకు, మరేదో పని మీద పట్టికను సంవత్సరాల వరుసలో చూస్తూ చివరికి పోయినాను. నిన్నమొన్నటి ప్రసారాల తరువాత ఇంకా రాని సంవత్సరాలు కనబడినవి. 2060, 2061, 2062! వాటి క్రింద టేపుల వరుసలు. 2062 మే 6 అన్నచోట ఒక హరికథ ఉన్నది. భాండారంలోకి పోయి ఆ పెట్టె తీయించినాను. అట్టమీద సిరాతో వ్రాసి ఉన్నది: 5-6-62, మంగళ.

పట్టిక ఎక్కించినవారు అంకెలను ఉన్నవున్నట్లే ఎక్కించినారు, వారిని తప్పుపట్టలేము. నమూనాలో నెల ముందు, దినం తరువాత. సంవత్సరం రెండంకెలు. వారానికి అందులో గడి లేదు, కావున మంగళ అన్న మాట పెట్టెమీదనే ఉండిపోయినది. గడి ఉన్నా ప్రయోజనం అంతంతమాత్రమే. తేదీలు చదివే అనేక ప్రోగ్రాములు వారం పేరును చదివి కూడా, అది తేదీతో పొసగుతున్నదో లేదో చూడవు.

నేను కాగితం తీసుకొని నాలుగు రీతులుగా గుణించి చూశాను. 2062 మే 6 శనివారం. 2062 జూన్ 5 సోమవారం. 1962 మే 6 ఆదివారం. 1962 జూన్ 5 — యంత్రం ఆరంభబిందువైన 1970 జనవరి 1కి 2,767 దినాలు ముందు. ఏడుతో భాగిస్తే శేషం 2. గురువారానికి రెండు దినాలు వెనుక మంగళవారం. నాలుగింటిలో మంగళవారం అదొక్కటే. హరిదాసుగారు తన పుస్తకంలో వ్రాసుకొన్న వారమూ అదే.

ఆ టేపును జాగ్రత్తగా నకలు తీయించి పంపినాము. ఆమె విన్నదని కుమారుడు వ్రాశారు. మొదటి జాబుకు మేము క్షమాపణ చెప్పుకొన్నాము. ఆ మధ్య నెలలలో ఆమెకు ఏమైనా అయి ఉంటే ఆ క్షమాపణ ఎవరికి చెప్పుకొనేవారమో ఇప్పటికీ నాకు తోచదు.

రాని సంవత్సరాల క్రింద దొరికిన తక్కిన టేపులను కూడా ఇదే విధంగా సరిచేస్తున్నాము. శతాబ్దం విషయంలో ఏ పెట్టెకూ సందేహం లేదు. దినమా నెలా అన్నదే తేలవలసినది. పెట్టెమీద వారం వ్రాసి ఉన్నవాటికి చిక్కు విడిపోయినది. కొందరు ఉద్యోగులు వారం వ్రాసే అలవాటు లేనివారు. వారి పెట్టెలలో కొన్నింటిపై రెండు తేదీలూ పెట్టి, పక్కన ప్రశ్నార్థకం ఉంచవలసి వచ్చినది. అందులో ఎవరి తండ్రి గొంతు ఉన్నదో, ఏ దినం అడిగి ఎవరు వస్తారో!

తామ్రపత్రంపై సుత్తి, ఉలి పట్టుకొని అక్షరాలు చెక్కినవానికి ఒక్కొక్క మాటా శ్రమతో కూడినదే. అయినా అతడు సంవత్సరం చెప్పి ఊరుకోలేదు; తిథి, నక్షత్రం, వారం కూడా చెక్కినాడు. తన లెక్క తెలియని చదువరి ఒకడు ఎప్పుడో వస్తాడని అతడు ఎరిగి ఉండవచ్చు, లేక ఆచారం కొద్దీ చెక్కి ఉండవచ్చు. ఏదైనా ఆ ఒక్క మాట తొమ్మిదివందల ఏండ్ల తరువాత మనకు దారి చూపినది. కలం కదిపితే చాలు వ్రాయగల మనం ఆ మాటను అనవసరమని వదిలివేశాము.

మీ ఇంటిలో పెండ్లి ఛాయాచిత్రాల వెనుక, పిల్లల పుట్టుకల పుస్తకంలో, పెద్దల మాటలు పట్టిన టేపులమీద తేదీ వేసేటప్పుడు సంవత్సరం నాలుగంకెలూ వేయండి. నెలను అంకెతో కాక పేరుతో వ్రాయండి. ఆ పక్కన వారం కూడా వ్రాయండి. చదివేవారు ఎవరో, వారు ఏ లెక్కలో చదువుతారో మనకు తెలియదు గదా.